రక్తమును కొలిచిన మనీషి: యల్లాప్రగడ సుబ్బారావు

రోగి రక్తములో చక్కెర యెంత, క్రియాటినిన్ యెంత అను రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసికొనక నేడు ఏ వైద్యుడును గుండెకు శస్త్రచికిత్స తలపెట్టడు. చికిత్స ముగిసిన పిమ్మట ఆ ప్రశ్నలు ఆగవు సరికదా, చక్కెరను గూర్చిన ప్రశ్న గంటగంటకును వినబడును. అవసరమైనచోట భాస్వరమెంత అను మూడవ ప్రశ్నయు వానితో చేరును. కత్తి పట్టిన చేతి నేర్పు ఎంత గొప్పదైనను, రక్తబిందువు చెప్పు ఈ అంకెలను పెడచెవిని పెట్టినచో ఆ నేర్పు రోగిని గట్టెక్కింపజాలదు.

హైదరాబాదు నగరపు తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు, బాలాపూరు ప్రాంతములలో ఏ పెద్దవీధికి పోయినను రక్తపరీక్షాలయములు కనబడును. 1994వ సంవత్సరము నుండి వినాయకుని లడ్డూ వేలముపాటకు పేరుపడిన బాలాపూరులోనే, తెల్లవారగనే పరగడుపున పరీక్షకై వచ్చి కూర్చుండు పెద్దలును కనబడుదురు. షుగరు, క్రియాటినిన్ అను మాటలు బడి ముఖమెఱుగని అవ్వల నోటను వాడుకమాటలైనవి. కాని ఈ కొలతల శాస్త్రము రూపుదిద్దుకొనిన ప్రయోగశాలలలో నొకదానియందు ఒక తెలుగు యువకుడు రేయింబవళ్ళు పనిచేసెననియు, భాస్వరమును కొలుచు పద్ధతికి ఆయన పేరు శాశ్వతముగా నిలిచిపోయినదనియు ఎఱిగినవారు మనలో తక్కువ. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావుగారు.

బాల్యము, విద్య

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. ఏడుగురు బిడ్డలలో వీరు నాలుగవవారు. కలిమిగల సంసారము కాదు. బాల్యమున వీరికి చదువుపై మనసు నిలువలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరగా, పెద్దలు వెదకి వెనుకకు తెచ్చిరని జీవితచరిత్రకారులు చెప్పుదురు. రాజమహేంద్రవరమున చదువు సవ్యముగా సాగలేదు. రెండుమాఱులు తప్పి, మూడవమాఱు మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలనుండి మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైరి. ఒక పరీక్ష తప్పినంతమాత్రమున బాలుని పనికిమాలినవానిగా లెక్కగట్టు పెద్దలు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలెను.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుచున్న దినములలో వీరి మనస్సు రామకృష్ణ మిషనువైపు మఱలినది. సన్న్యసించి సేవకు అంకితము కావలెనని కోరిరి. అయితే తల్లి సమ్మతింపలేదు. వైద్యము నేర్చినచో రోగులకు సేవ చేయవచ్చునన్న హితవు వీరిని మద్రాసు వైద్యకళాశాలకు చేర్చినది. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని వివాహమాడిరి. చదువునకు మామగారును, మిత్రులును తోడ్పడిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపునకు దేశమంతయు కదలుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాలయమున సైతము ఖద్దరు దుస్తులే ధరించి నిలిచిరి. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు అది నచ్చలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా నెగ్గినను, చివరకు వీరికి లభించినది ఎం.బి.బి.ఎస్. పట్టము కాదు, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. ప్రభుత్వ వైద్యోద్యోగమునకు చేసిన ప్రయత్నము ఫలింపలేదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించు ఉపన్యాసకులుగా కుదురుకొనిరి.

ఇంతకు పూర్వమే ఆ కుటుంబముపై పిడుగు పడియుండెను. అన్న పురుషోత్తము, తమ్ముడు కృష్ణమూర్తి కొలదిదినముల తేడాతో స్ప్రూ అను గ్రహణివ్యాధికి బలియైరి. తినిన యన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి కన్నులముందే కరగిపోవు వ్యాధి యది. రక్తములో ఏది కొఱవడినందున ఆ ప్రాణములు పోయినవో ఆనాడు చెప్పగలవారు లేరు. ఆ కొఱతను కనుగొనవలెనను పట్టుదల సుబ్బారావుగారి జీవితమునకు ఇరుసైనది.

బోస్టను నగరమున

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల ఆచార్యులైన రిచర్డు స్ట్రాంగుగారు వీరి చదువునకు దారి చూపిరి. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారు ధనసాహాయ్యమునకు ముందుకు వచ్చిరి. 1920ల తొలిభాగమున భార్యను పుట్టింట విడిచి సుబ్బారావుగారు ఓడయెక్కిరి. వారికి పుట్టిన మగశిశువు పసితనముననే మరణించెను. సుబ్బారావుగారు మరల స్వదేశమును గాని, భార్యను గాని చూడలేదు.

చేతి సొమ్ము చాలక, పీటర్ బెంట్ బ్రిగాము ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపఱచు పనికి వీరు కుదిరిరి. మద్రాసులో విద్యార్థులకు శరీరశాస్త్రము బోధించిన వైద్యుడు బోస్టనులో మూత్రపాత్రలు కడుగవలసి వచ్చెను. ఆ పనిని వీరు చిన్నతనముగా తలంచినట్లు కనబడదు. పగలు చదువు, రాత్రి కూలి, అదియే వారి దినచర్య.

ఆ ఆసుపత్రిని గూర్చి ఒక మాట చెప్పవలెను. 1923 మే నెలలో ఎలియట్ కట్లరుగారు పండ్రెండేండ్ల బాలికకు గుండె కవాటముపై శస్త్రచికిత్స చేసి బ్రదికించినది అక్కడనే. 1948లో కృత్రిమ మూత్రపిండ యంత్రమును మెఱుగుపఱచి రోగులకు వాడనారంభించినదియు, 1954 డిసెంబరులో జోసెఫ్ ముర్రేగారు ఒక కవలసోదరుని మూత్రపిండమును రెండవ సోదరునకు అమర్చి ప్రపంచమున మొదటిసారిగా కృతకృత్యులైనదియు అక్కడనే. అదే బోస్టను నగరములో ఎలియట్ జోస్లినుగారు 1922 ఆగస్టునుండి మధుమేహరోగులకు ఇన్సులిన్ ఇయ్యసాగిరి. గుండె, మూత్రపిండము, చక్కెర ఈ మూడింటి వైద్యమునకును ఆ నగరము ఒక కూడలియైయుండెను. మన తెలుగు యువకుడు అడుగిడినది ఆ కూడలియందే.

ఉష్ణమండల వ్యాధుల చదువు ముగిసిన పిమ్మట వీరు హార్వర్డులోని జీవరసాయన శాఖలో చేరిరి. ఆ శాఖకు అధిపతి స్వీడనులో జన్మించిన ఓటో ఫోలినుగారు. రంగు గాఢతను బట్టి శరీరద్రవములలోని పదార్థములను కొలుచుటలో ఆయన ఆచార్యుడు. క్రియాటినిన్‌ను ఈ విధముగా కొలుచు పద్ధతిని ఆయన 1904లోనే ప్రకటించెను. షియెన్ వూ అను చైనా శాస్త్రజ్ఞునితో కలిసి రక్తములోని చక్కెరను కొలుచు పద్ధతిని రూపొందించి 1920 నాటికి లోకమునకిచ్చెను. పూర్వము గిన్నెడు రక్తము కావలసిన పరీక్ష ఇట్టి పద్ధతులవలన కొలది రక్తముతో సాధ్యమయ్యెను. ఆ శాఖలోనే సైరస్ ఫిస్కేగారి వద్ద సుబ్బారావుగారు పరిశోధన ప్రారంభించిరి. ఆయనకు అప్పగింపబడిన పని రక్తమునందును, మూత్రమునందును ఉన్న భాస్వరమును కొలుచుటకు నమ్మదగిన మార్గమును కనుగొనుట.

ఆలస్యముగా వచ్చిన నీలిరంగు

ఆ పద్ధతి మన ఉన్నత పాఠశాల విద్యార్థులకు సైతము అర్థము కాగలదు. ఆమ్లములో కరగిన ఫాస్ఫేటునకు మాలిబ్డేటును చేర్చినచో రెండును కలిసి ఒక సంయోగపదార్థమగును. దానిని క్షయకరణము చేయు మఱియొక రసాయనమును కొంచెము కలిపినచో నీలిరంగు పుట్టును. భాస్వరము ఎక్కువైనకొలది నీలము గాఢమగును. ఎంత భాస్వరమున్నదో ముందే తెలిసిన ద్రవమును ఒక గొట్టములో నుంచి, తెలియని ద్రవమును రెండవ గొట్టములో నుంచి, రెండు రంగులను వర్ణమాపక యంత్రములో సరిపోల్చినచో లెక్క తేలును. పూర్వపు పద్ధతులలో రంగు సరిగా నిలువకుండెను. రక్తములోని ఇతర పదార్థములు దానికి అడ్డుపడుచుండెను. తగిన క్షయకరణ ద్రవ్యమును ఎన్నుకొని, ఈ చిక్కులను చాలవఱకు తొలగించి, ఫిస్కే సుబ్బారావులు 1925లో తమ పద్ధతిని ప్రకటించిరి. నాటినుండి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అను పేర అది లోకమంతటను పరీక్షాలయములలోనికి ప్రవేశించినది. నేటి స్వయంచాలక యంత్రములలో పలుచోట్ల నీలిరంగు దశను విడిచిపెట్టినను, ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలుపు మొదటి మెట్టు మాత్రము మాఱలేదు.

ఈ పద్ధతిని కండరములకు ప్రయోగించినపుడు ఒక వింత కనబడెను. కొలది నిమిషములలో పూర్తి కావలసిన నీలిరంగు, కండరరసమునందు మాత్రము మందముగా మొదలై, చాలసేపటివఱకు క్రమక్రమముగా గాఢమగుచుండెను. తొందరపాటు గలవాడు దీనిని రసాయనముల దోషముగా భావించి ఆ ఫలితమును చెత్తబుట్టలో వేసియుండును. సుబ్బారావుగారు అట్లు చేయలేదు. తమ కొలతపై వారికి నమ్మకముండెను. కొలత సరియైనదైనచో, ఆలస్యమునకు కారణము కండరములోనే యుండవలెనని వారు తర్కించిరి. కండరములోని భాస్వరమంతయు విడిగా లేదు; అందు కొంత ఏదియో సున్నితమైన పదార్థముతో ముడిపడియున్నది; ఆమ్లము తగులగనే ఆ ముడి కొంచెము కొంచెముగా వీడుచున్నది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేయునపుడు అది తఱుగుననియు, విశ్రాంతియందు మరల ఏర్పడుననియు చూపి 1927లో లోకమునకు తెలిపిరి. అదే కాలమున లండనులో ఎగిల్‌టన్ దంపతులును ఈ పదార్థపు జాడను కనుగొనిరి. కండరశక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని చెప్పి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి నందుకొనిన హిల్, మెయర్‌హాఫ్ పండితుల సిద్ధాంతపు పునాదులు దీనితో కదలెను.

1929లో మఱియొక అడుగు ముందుకు పడెను. అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా నేడు పదవ తరగతి బాలుడును ఏ.టి.పి. అని పలుకు పదార్థమును, కండరమునుండి ఫిస్కే సుబ్బారావులు వేఱుచేసిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరమున దానిని వేఱుగా కనుగొనెను. మనము తినిన అన్నములోని చక్కెర కణములలో దహింపబడగా వెలువడు శక్తి ఈ ఏ.టి.పి. రూపముననే నిలువయై, అవసరమైనచోట వ్యయమగును. ఇంటికి చేరిన ధాన్యము బియ్యమైన తరువాతగాని పొయ్యికెక్కనట్లు, రక్తములోని చక్కెర ఏ.టి.పి.గా మాఱిన తరువాతగాని కండరమునకు అక్కఱకు రాదు.

గుండె, చక్కెర, మూత్రపిండము

సుబ్బారావుగారి ఈ పరిశోధనలు నేటి రోగి మంచమునొద్ద ఎట్లు ప్రత్యక్షమగునో చూతము. గుండె దినమునకు ఇంచుమించు లక్షసార్లు కొట్టుకొనును. ఆ శ్రమకై అది తన బరువునకు ఎన్నో రెట్లు ఏ.టి.పి.ని దినదినమును పుట్టించి ఖర్చుచేయును. కాననే శస్త్రచికిత్స చేయునపుడు చల్లని పొటాషియపు ద్రవముతో గుండెను నిలుపుదురు. కొట్టుకొనుట ఆగినచో శక్తివ్యయము తగ్గును. ఉన్న నిలువ కొంతసేపు ఆదుకొనును. ఆ సమయమున రక్తప్రసరణ భారమును యంత్రము వహించును. అట్టి యంత్రముతో జాన్ గిబ్బనుగారు 1953లో మొదటిసారి విజయము సాధించిరి.

శస్త్రచికిత్స దేహమునకు పెద్ద తాకిడి. ఆ తాకిడికి అడ్రినలిన్, కార్టిసాల్ మొదలగు స్రావములు ఉబికి, ఇన్సులిన్ మాట చెల్లక, మధుమేహము లేనివారికి సైతము చక్కెర పెరుగును. ఉన్నవారి సంగతి చెప్పనక్కఱలేదు. పెరిగిన చక్కెర గాయమును మాననీయదు. ఱొమ్ముటెముక వద్ద చీము పట్టుటకు అవకాశమిచ్చును. అంతకంటెను పెద్ద దెబ్బ మూత్రపిండములకు తగులును. గుండె వెలువరించు రక్తములో ఇంచుమించు అయిదవవంతు ఈ రెండు చిన్న అవయవములకే పోవును. అవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడపోసి, అందు అత్యధికభాగమును మరల రక్తమునకే చేర్చును. ఏండ్లతరబడి మధుమేహమున్నచో ఈ జల్లెడలు ముందే చెడియుండును. శస్త్రచికిత్సలో రక్తపుపోటు తగ్గినను, వాపు కలిగించు పదార్థములు రక్తములో ప్రబలినను, బలహీనపడిన ఆ జల్లెడలే మొదట కూలును.

అవి కూలుచున్నవని తెలుపు సాక్షి క్రియాటినిన్. ఇది సుబ్బారావుగారు కనుగొనిన ఫాస్ఫోక్రియాటిన్‌కు సంతానము వంటిది. కండరములలోని క్రియాటిన్ ప్రతిదినము ఇంచుమించు ఒకే మోతాదున క్రియాటినిన్‌గా మాఱుచుండును. మూత్రపిండములు దానిని వెలుపలికి పంపుచుండును. రాకడ ఒకే తీరున నుండగా నిలువ పెరిగినదన్నచో పోకడ తగ్గినదని అర్థము. ఊరి చెఱువుకు వచ్చు నీరు మాఱకుండ మట్టము పెరిగినచో తూము పూడినదని రైతు గ్రహించినట్లే వైద్యుడును గ్రహించును. 48 గంటలలో క్రియాటినిన్ డెసిలీటరునకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినను మూత్రపిండములకు ఆపద కలిగినదని 2012నాటి అంతర్జాతీయ నియమావళి చెప్పుచున్నది. అంత స్వల్పమైన భేదమును పట్టుకొనుటకు పరీక్ష ఎంత నికరముగా నుండవలెనో ఊహింపుడు.

ఇంక భాస్వరము. ఇన్సులిన్ ఇచ్చినపుడు చక్కెరతోపాటు ఫాస్ఫేటును కణములలోనికి పోవును. అందుచే రక్తములో భాస్వరము మిక్కిలి తగ్గినచో, ఏ.టి.పి. తయారగుటకు ముడిసరకు చాలక, ఊపిరితీయు కండరములును గుండెయు నీరసించును. మూత్రపిండములు పూర్తిగా చెడినచో ఇందుకు విపరీతముగా భాస్వరము బయటికి పోక పెరుగును. ఒకే రోగియందు ఒకనాడు అది, మఱియొకనాడు ఇది సంభవింపవచ్చును. ఏది సంభవించినదో పరీక్ష చెప్పవలసినదే, ఊహ చెప్పజాలదు.

చక్కెర విషయమునను ఇట్టి చిక్కే కలదు. 2001లో బెల్జియము దేశపు లూవెన్ నగరమున 1548 మంది రోగులపై పరిశోధన జరిగినది. వారిలో పెక్కుమంది గుండె శస్త్రచికిత్స పొందినవారు. ఇన్సులిన్‌తో చక్కెరను 80 నుండి 110 మిల్లీగ్రాముల మధ్య గట్టిగా అదుపుచేయగా తీవ్రచికిత్సా విభాగమున మరణములు నూటికి 8 నుండి 4.6కు తగ్గినవి, మూత్రపిండములు చెడి యంత్రముపై రక్తశుద్ధి చేయవలసిన అవసరమును నూటికి 41 వంతులు తగ్గినది. లోకమంతయు ఆ దారి పట్టసాగినది. కాని 2009లో వెలువడిన నైస్-షుగర్ అను పరిశోధనలో, పలుదేశములకు చెందిన 6104 మంది రోగులను చూడగా ఫలితము తలక్రిందులైనది. గట్టి అదుపులో నుంచినవారిలో నూటికి 27.5 మందియు, 180 మించకుండ మాత్రము చూచుకొనినవారిలో నూటికి 24.9 మందియు తొంబది దినములలో మరణించిరి. గట్టి అదుపువలన చక్కెర ప్రమాదకరముగా పడిపోవుటయు ఎక్కువైనది.

ఈ ప్రమాదము మూత్రపిండములు చెడినవారికి మఱింత దగ్గఱది. శరీరములోని ఇన్సులిన్‌లో చెప్పుకోదగిన భాగమును విఱిచివేయునవి మూత్రపిండములే. అవి నీరసించినపుడు నిన్నటి మోతాదే నేడు అధికమగును, సూది మందు ప్రభావము దిగవలసిన వేళకు దిగదు, రోగి స్పృహతప్పవచ్చును. చక్కెర ఇంత మేలుగా అదుపునకు వచ్చినదని ఇంటివారు సంతోషించు సమయమే ఒక్కొక్కప్పుడు మూత్రపిండములు చెడుచున్నవని తెలుపు సూచన కావచ్చును. కాబట్టి నేటి వైద్యులు చాలవఱకు 140 నుండి 180 వఱకు గల నడిమి దారిని ఎన్నుకొని, మాటిమాటికి కొలుచుచు, క్రియాటినిన్‌ను బట్టి ఇన్సులిన్ మోతాదును సవరించుచుందురు. ఎక్కువ కీడే, తక్కువయు కీడే; నడుమ నిలుపునది కొలత యొక్కటే. నీలిరంగు ఆలస్యమును లెక్కచేసిన సుబ్బారావుగారి పనితీరులోని ధర్మమును ఇదియే.

అన్నదమ్ముల ఋణము

1930లో వీరికి హార్వర్డు డాక్టరు పట్టము లభించినది. కాని శాశ్వతమైన ఉన్నతపదవి లభింపలేదు. వీరి పరిశోధనలలో కొన్ని ఫిస్కేగారి అసూయవలన వెలుగునకు రాలేదనియు, తరువాతి కాలమున ఇతరులు వానిని మరల కనుగొనవలసి వచ్చెననియు, ఆ ప్రయోగశాలలో పనిచేసి 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్‌గారు చెప్పియున్నారు. సుబ్బారావుగారు పేరుకై పోరాడలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊర నున్న లెడెర్లీ పరిశోధనశాలలో చేరి, అనతికాలముననే పరిశోధనాధిపతులైరి.

అక్కడ అన్నదమ్ముల ఋణము తీర్చు దినము వచ్చెను. రక్తము పట్టుటకు అవసరమైన ఫోలిక్ ఆమ్లమును 1945లో వారి బృందము కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ వ్యాధిగ్రస్తులకు దానిని ఇయ్యగా రక్తము కోలుకొనెను. పురుషోత్తము, కృష్ణమూర్తుల రక్తములో కొఱవడినదేదో పాతికయేండ్ల పిమ్మట వారి సోదరుని చేతికి చిక్కినది. కాలము మీఱినది గాని కృషి వ్యర్థము కాలేదు.

ఫోలిక్ ఆమ్లమును పోలి, దాని పనిని అడ్డగించు పదార్థములను సైతము వారి బృందము తయారుచేసినది. వానిలో అమినాప్టెరిన్‌ను బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరుగారు రక్తపు కాన్సరుతో మరణించుచున్న పదునార్గురు పసివారికి ఇచ్చి, అందు పదిమందికి తాత్కాలికముగా గుణమిచ్చినదని 1948లో ప్రకటించిరి. అంతకు పూర్వము ఆ వ్యాధికి మందు అనునదియే లేదు. దాని సోదరి మెథోట్రెక్సేటు నేటికిని కాన్సరునకును, కీళ్ళవాతమునకును వాడుకలో నున్నది. అది మూత్రపిండములద్వారా వెలువడు మందు. కాబట్టి దానిని ఇచ్చుటకు ముందును క్రియాటినిన్ పరీక్ష తప్పదు. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్ 1947లో ఆ సంస్థనుండియే వెలువడినది. గోదావరిజిల్లాల పల్లెలలో ఆ వ్యాధి పెట్టు బాధను చిన్ననాట చూచినవారికి ఆ మందు విలువ వేఱుగా చెప్పవలసిన పని లేదు. బెంజమిన్ డగ్గరుగారు కనుగొనిన ఆరియోమైసిన్ సైతము సుబ్బారావుగారి ఆధిపత్యమున రూపొంది 1948లో లోకమునకు తెలిసినది.

ఇన్ని ప్రాణములు నిలిపిన మనీషి తన గుండెను గూర్చి జాగ్రత్తపడుటకు తీరిక లేకపోయెను. 1948 ఆగస్టు నెలలో ఒకరాత్రి నిద్రలోనే వారి గుండె ఆగిపోయెను. అప్పటికి వయస్సు ఏబదిమూడేండ్లు. గుండెకు బదులు పనిచేయు యంత్రము మానవునకు అక్కఱకు వచ్చుటకు ఇంక అయిదేండ్లుండెను. గుండె రక్తనాళమునకు ప్రక్కదారి వేయు శస్త్రచికిత్సను రెనె ఫవలోరోగారు ప్రారంభించుటకు, అనగా 1967 వఱకు, పందొమ్మిదేండ్లుండెను. ఏ గుండె శక్తిమూలమును వారు విప్పిచెప్పిరో ఆ గుండెయే వారిని మోసగించెను. అమెరికా పౌరసత్వమును స్వీకరింపకయే, పరదేశిగనే వారు కన్నుమూసిరి. ఇచ్చట శేషగిరిగారి ఎదురుచూపు ఎదురుచూపుగనే మిగిలిపోయెను. శాస్త్రము లోకమునకిచ్చిన ఫలములో ఆమె త్యాగమునకును పాలున్నదని మఱువరాదు.

1953లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రజాతికి వారి పేర సుబ్బరోమైసెస్ అని నామకరణము చేసిరి. 1995లో, శతజయంతి సందర్భమున, భారత ప్రభుత్వము తపాలాబిళ్ళను వెలువరించినది. నోబెల్ బహుమతి మాత్రము రాలేదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఏ.టి.పి. పాఠము చెప్పునపుడు ఈ పేరును ఒక్కసారి పలుకుట బాగుండును. రంగు ఆలస్యముగా వచ్చిన కథను చెప్పినచో విద్యార్థికి రసాయనశాస్త్రము మఱింత చక్కగా బోధపడును. ప్రయోగశాలలో తన లెక్క పుస్తకమునకు సరిపోనపుడు అంకెను దిద్దివేయక, అది ఎందులకు సరిపోలేదని ఆలోచించు బాలుడొక్కడు తయారైనను సుబ్బారావుగారి పరిశ్రమ మన బడులలో కొనసాగుచున్నట్లే. బాలాపూరులో గాని భీమవరములో గాని, రేపటి ఉదయము పరగడుపున ముంజేయి చాచి కూర్చుండు రోగికి కావలసినదియు అట్టి నిజాయితీ గల అంకెయే.